రేడియానికి తూకంరాయి చేసిన మేరీ క్యూరీ

మొన్న మా ఓపీకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చారు. ప్రొస్టేట్ క్యాన్సర్. రెండేళ్ల క్రితం వెన్నుపూసలో ఒకచోటికి పాకితే బయటి నుంచి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు ఎముకల్లో నాలుగైదు చోట్ల కనిపిస్తుండటంతో ఒక న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో లుటీషియం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నా దగ్గరికి వచ్చింది బీపీ, షుగరు మందుల కోసమే. మందులు రాయించుకున్నాక ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో 30 గ్రే అని ఉంది. కొత్తదాంట్లో 200 మిల్లీక్యూరీలు అని ఉంది. రెండూ రేడియేషనే కదా, వీటిలో ఏది ఎక్కువ, ఒకదాన్నుంచి మరోదానికి మార్చే సూత్రం ఏమిటి అని అడిగారు. వెనకాల లైన్లో పాతిక మంది ఉన్నారు. వచ్చే వారం చెప్తానని పంపించాను.

నిజానికి తెలియక కాదు, రెండు ముక్కల్లో చెప్పడానికి వీల్లేక వాయిదా వేశాను. ఆ రెండు కాగితాల మధ్య ఉన్న దూరం అర్థం కావాలంటే ఒక మనిషి జీవితం చెప్పుకోవాలి. మిల్లీక్యూరీలో ఉన్న క్యూరీ ఎవరో మీకు తెలుసు. చిన్నప్పుడు పాఠాల్లో చదివే ఉంటారు. రేడియం కనిపెట్టిన తల్లి, రెండు నోబెల్ బహుమతులు, అక్కడితో ఆ పాఠం అయిపోతుంది. ఆమె జీవితమంతా చేసిన అసలు పని కొలవడం. ఆ సంగతి పాఠంలో ఉండదు.

మరియా స్క్లొదోవ్‌స్కా 1867 నవంబర్ 7న వార్సాలో పుట్టారు. పోలండ్ అప్పుడు రష్యా జార్ చేతిలో ఉండేది. తండ్రి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. తల్లి క్షయతో పోయేసరికి ఆ పిల్లకు పదేళ్లు. ఆడపిల్లలకు అక్కడి విశ్వవిద్యాలయంలో చోటు లేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. అక్క బ్రోనియా పారిస్ వెళ్లి వైద్యం చదవాలి, చెల్లెలు కలవారిళ్లలో పిల్లలకు చదువు చెప్పి డబ్బు పంపాలి. అక్క స్థిరపడ్డాక చెల్లెల్ని పిలిపించుకోవాలి. మాట ప్రకారమే జరిగింది గానీ చెల్లెలి వంతు వచ్చేసరికి ఆమెకు దాదాపు 24 ఏళ్లు. 1891లో పారిస్ చేరి, 1893లో భౌతికశాస్త్రంలో మొదటి స్థానంలో, మరుసటి ఏడాది గణితంలో రెండో స్థానంలో పట్టాలు తీసుకున్నారు. 1895లో పియరీ క్యూరీతో పెళ్లయింది. మరియా మేరీ అయ్యారు.

మన కథకు ముఖ్యమైంది పియరీ పెళ్లికి చాలాముందే అన్నతో కలిసి తయారుచేసిన ఒక పరికరం. క్వార్ట్జ్ పలకను బరువు పెట్టి లాగితే అందులో అతి స్వల్పంగా విద్యుదావేశం పుడుతుందని ఆ అన్నదమ్ములు కనిపెట్టారు. ఎంత బరువుకు ఎంత ఆవేశమో కచ్చితంగా తెలుసు. 1896లో బెకరెల్ యురేనియం నుంచి కనిపించని కిరణాలేవో వస్తున్నాయని గమనించినప్పుడు ఆయన చూసింది ఫొటో ప్లేటు మీద పడ్డ మచ్చను. మచ్చ నల్లగా ఉందా, లేతగా ఉందా అని చూడగలం. ఎంత అని చెప్పలేం. మేరీ ఆ కిరణాలనే తన పరిశోధనకు ఎంచుకుని, ఫొటో ప్లేటు పక్కన పెట్టేశారు. ఆ కిరణాలు గాలిలోంచి వెళ్తే గాలి కొద్దిగా విద్యుత్తును పోనిస్తుంది. ఆ పిసరంత కరెంటును క్వార్ట్జ్ పలకతో సరితూచడం ఆమె పద్ధతి. ఒక చేతిలో స్టాప్‌వాచ్. రెండో చేత్తో పలకకు వేలాడే బరువును మెల్లగా వదలాలి. కన్ను వెలుగుచుక్క మీద నుంచి తిప్పకూడదు. చెయ్యి వణికితే లెక్క పోతుంది. పసిపిల్ల తల్లి, తేమ నిండిన గదిలో, రోజుల తరబడి ఆ పని చేశారు.

పిచ్‌బ్లెండ్ అనే ఖనిజాన్ని కొలిస్తే అందులో ఉన్న యురేనియానికి రావలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. అచ్చం యురేనియం కన్నా కూడా నాలుగు రెట్లు! ఇలాంటి అంకె వస్తే మనలో చాలామంది మిషను పాడైందనుకుంటాం. ఆమె మరో ఖనిజాన్ని తీసుకున్నారు. చాల్కొలైట్ అనే ఆ రాయి ప్రకృతిలో దొరికినది ఎక్కువ కిరణాలిస్తోంది. దాన్నే శుద్ధమైన రసాయనాలతో ప్రయోగశాలలో తయారుచేసి కొలిస్తే మామూలు అంకే వచ్చింది. అంటే పరికరం సరిగ్గానే ఉంది, నేల నుంచి తవ్విన రాయిలోనే ఇంకేదో దాగి ఉంది. 1898 జులైలో పొలోనియం, డిసెంబర్‌లో రేడియం. రెంటినీ కంటితో చూడకముందే, త్రాసులో పెట్టకముందే, కొలత చెప్పిన సాక్ష్యంతో ప్రకటించారు.

తర్వాత కథ మీకు తెలిసిందే. బొహీమియా గనుల నుంచి వచ్చిన వ్యర్థం టన్నులకొద్దీ, పైకప్పు కారే షెడ్డు, పెద్ద గుండిగల్లో మరిగించడం. 1902కి చేతికొచ్చిన రేడియం క్లోరైడ్ గ్రాములో పదో వంతు. మన ఇంట్లో చిటికెడు ఉప్పు కన్నా తక్కువ. దాన్ని తీసే పద్ధతి మీద పేటెంటు తీసుకోలేదు. 1903లో బెకరెల్, పియరీలతో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇక్కడే వైద్యులం రంగంలోకి దిగాం. పియరీ రేడియాన్ని చేతికి 10 గంటలు కట్టుకుని చూశారు. కాలిన పుండు పడింది. యాభై రోజులు దాటినా అది పూర్తిగా మానలేదు. చర్మాన్ని కాల్చేది చర్మం మీది గడ్డనూ కాలుస్తుంది కదా అని పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి డాక్టర్లు రేడియం అరువు తీసుకుని చర్మవ్యాధుల మీద వాడారు. కొద్దికాలంలోనే క్యాన్సర్లకూ వాడటం మొదలైంది. అయితే ఒక ఆసుపత్రి రేడియానికీ ఇంకో ఆసుపత్రి రేడియానికీ పొంతన లేదు. అమ్మేవాడు ఇది ఇంత అంటాడు, కొనేవాడు నమ్మాలి. కల్తీ ఎంత, అసలు ఎంత? ఒక డాక్టరుకు గడ్డ కరిగితే, అదే లెక్కన వాడిన మరో డాక్టరు రోగికి పుండు పడింది. సంతలో ఒక్కో కొట్టువాడి దగ్గర ఒక్కో తూకంరాయి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి.

1906 ఏప్రిల్ 19న పియరీ వాన పడుతుండగా రోడ్డు దాటుతూ గుర్రపుబండి కింద పడి చనిపోయారు. ఇద్దరు చిన్నపిల్లలతో మిగిలిన మేరీకి ఆయన ఉద్యోగమే ఇచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మొదటి మహిళ ఆమె.

1910లో బ్రస్సెల్స్‌లో ప్రపంచ శాస్త్రవేత్తలు సమావేశమై ఒక కొలమానం కావాలన్నారు. దానికి క్యూరీ అని పేరు పెట్టారు. అది పియరీ జ్ఞాపకార్థమా, దంపతులిద్దరిదీనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. క్యూరీ ఎంత ఉండాలన్న దాని మీదా వాదన జరిగింది. వాడుకలో ఉండేది అతి స్వల్పం కాబట్టి కొలమానం చిన్నదిగా ఉంటే మేలని కొందరు, కాదు పూర్తి గ్రాము రేడియంతో ముడిపడాలని మేరీ. ఆమె పట్టే నెగ్గింది. అందుకే మనమింకా క్యూరీలో వెయ్యో వంతుతో, అంటే మిల్లీక్యూరీలతో లెక్కలు రాసుకుంటున్నాం. మాస్టారి కాగితం మీది అంకెకు మూలం ఆ పట్టుదల.

కొలమానానికి అసలు రాయిని తయారుచేసే పనీ ఆమెకే అప్పగించారు. 1911లో 21.99 మిల్లీగ్రాముల శుద్ధమైన రేడియం క్లోరైడును సన్నటి గాజు గొట్టంలో పెట్టి సీలు వేశారు. ఆ ఏడాదే ఆమెకు రెండో నోబెల్, ఈసారి రసాయనశాస్త్రంలో వచ్చింది. సహశాస్త్రవేత్త లాంజెవాన్‌తో స్నేహం గురించి పత్రికలు ఇంటిమీదికొచ్చినంత పనిచేసిందీ ఆ ఏడాదే. ఆ గొట్టాన్ని మేరీ తన ప్రయోగశాలలోనే ఉంచుకోవాలనుకున్నారు. తూకంరాయి ఒకరి ఇంట్లో ఉండకూడదని మిగతావారు నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆ విషయంలో మిగతావారిదే న్యాయమని నాకనిపిస్తుంది, పాపం చేసినావిడ మమకారం అర్థమైనా సరే. 1912 మార్చిలో వియన్నా వాళ్లు విడిగా తయారుచేసిన గొట్టాలతో దాన్ని పోల్చి చూశారు. తేడా వెయ్యికి రెండు పాళ్ల లోపే. 1913లో ఆ గొట్టం పారిస్ శివార్లలోని సెవ్రే తూనికలు కొలతల కార్యాలయానికి చేరింది. తర్వాత దేశదేశాల రేడియాన్ని వీటితోనే సరిచూశారు.

ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. ఎముకలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కు రేడియం-223 అనే ఇంజెక్షన్ ఉంది. అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. నాలుగు వారాలకొకటి చొప్పున ఆరు ఇస్తారు. రోగి బరువులో కిలోకు 50 కిలోబెకరెళ్లు అని లెక్క. కొన్నాళ్లకు ఆ దేశపు తూనికలు కొలతల సంస్థ తన ప్రామాణిక కొలతనే మళ్లీ చేసి చూసుకుంటే, ముందు చెప్పిన అంకెలో దాదాపు 10 శాతం తేడా ఉందని తేలింది. 2015లో కొత్త కొలత ప్రకటించారు. 50 కాస్తా 55 అయింది. రోగి ఒంట్లోకి వెళ్లే మందు మారలేదు, దాన్ని పిలిచే అంకె మారింది. కానీ ఆ మార్పు సంగతి తెలియక ఎవరైనా పాత అంకెను కొత్త రాయితో తూస్తే రోగికి మందు తగ్గిపోతుంది. మేరీ తర్వాత నూరేళ్లకు, అదే రేడియంతో, మళ్లీ అదే తలనొప్పి!

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వద్దాం. క్యూరీ కొలిచేది పదార్థంలో ఉన్న చురుకును. అంటే సెకనుకు ఎన్ని అణువులు విచ్ఛిన్నమవుతున్నాయో అది చెబుతుంది. రోగి ఒంట్లో ఏ భాగానికి ఎంత దెబ్బ తగిలిందో అది చెప్పదు. కాలువ కింద పొలం ఉన్నవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము దగ్గర ఇన్ని క్యూసెక్కులు వదిలామని ఇంజినీరు రాసుకుంటాడు. అది అబద్ధం కాదు. కానీ చివరి ఆయకట్టు ఎకరం ఎంత తడిసిందో ఆ రిజిస్టరు చూస్తే తెలుస్తుందా? దారిలో ఎంత ఇంకింది, ఎవరి మడిలోకి ఎంత మళ్లింది, ఎన్ని రోజులు నిలిచింది, ఆ పొలం ఎంత పెద్దది, ఇవన్నీ కావాలి. మిల్లీక్యూరీ తూము దగ్గరి లెక్క. గ్రే పొలంలో తడి లెక్క. ఒక కిలో కండలో ఒక జౌల్ శక్తి ఇంకితే ఒక గ్రే. ఈ పేరు బ్రిటన్‌కు చెందిన లూయీ హెరాల్డ్ గ్రే అనే భౌతికశాస్త్రవేత్తది. 1975లో ఖాయమైంది.

ఈ రెంటినీ ఒకటే అనుకుంటే ఏమవుతుందో మేరీ బతికుండగానే బయటపడింది. అమెరికాలో రేడియం కలిపిన నీళ్లను టానిక్కులా సీసాల్లో అమ్మేవారు. ఎబెన్ బయర్స్ అనే ధనవంతుడు ఏళ్లతరబడి రోజుకు రెండు మూడు సీసాలు తాగారు. మోసం ఏమీ లేదు, సీసాలో నిజంగానే రేడియం ఉంది. రేడియం గుణం కాల్షియంలాంటిది. నేరుగా ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఆయన దవడ ఎముక పుచ్చిపోయింది. 1932లో చనిపోయారు. తూము దగ్గర లెక్క సరిపోయింది, పొలం సంగతే ఎవరూ చూడలేదు. ఎముకను వెతుక్కుంటూ వెళ్లే అదే గుణాన్ని ఇవాళ రేడియం-223లో మందుగా వాడుతున్నాం.

లుటీషియం విషయంలో చాలాచోట్ల అందరికీ దాదాపు ఒకటే లెక్క, సుమారు 200 మిల్లీక్యూరీలు, ఆరు లేదా ఎనిమిది వారాలకొకసారి. అది గడ్డలో ఎంత పడుతుంది, కిడ్నీల్లో, లాలాజల గ్రంథుల్లో ఎంత ఆగుతుంది అనేది మనిషి మనిషికీ మారుతుంది. అదృష్టం ఏమిటంటే లుటీషియం చికిత్స చేస్తూనే కెమెరాకు కనిపించే గామా కిరణాలు కూడా కొన్ని వదులుతుంది. ఇంజెక్షన్ తర్వాత మర్నాడు, నాలుగో రోజు, వారం రోజులకు ఇలా రెండు మూడుసార్లు స్కాన్ తీస్తే ఏ అవయవంలో ఎంత చేరి ఎంత త్వరగా ఖాళీ అవుతోందో గీత గీసి, గ్రేలలో లెక్క కట్టవచ్చు. ప్రతిచోటా అలా చెయ్యరు. కెమెరా ఖాళీ ఉండాలి, లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు ఉండాలి, నొప్పులతో ఉన్న రోగి పదేపదే ప్రయాణం చెయ్యాలి. ఇంత చేసి మందు మనిషిని బట్టి మారిస్తే ఆయుష్షు ఎంత పెరుగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. కిడ్నీలకు 23 గ్రే అని చెప్పే హద్దు కూడా బయటి రేడియేషన్ అనుభవం నుంచి అరువు తెచ్చుకున్నదే. నేను న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ని కాను. కానీ బీపీ మాత్రనే మనిషిని చూసి సగమో, ఒకటో రాస్తాం. ఇంత పదునైన మందుకు కనీసం మొదటి ఇంజెక్షన్ తర్వాతైనా కొలిచి చూసుకోవడం మంచిదని నా ఉద్దేశం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరుగుతుంటే, కిడ్నీలకు ఎంత డోసు చేరుతోందో చూస్తున్నారా అని అడగడంలో తప్పులేదు. ప్రతి ఇంజెక్షన్‌కు ముందు క్రియాటినిన్, రక్తకణాల పరీక్షలు ఎలాగూ చేస్తారు. ఆ రిపోర్టులు పారేయకుండా వరసలో పెట్టుకోండి.

మళ్లీ మేరీ దగ్గరికి. 1914లో యుద్ధం వచ్చింది. ఫ్రాన్స్ దగ్గరున్న రేడియాన్ని సీసపు పెట్టెలో పెట్టుకుని రైల్లో బోర్డో నగరానికి చేర్చి తిరిగొచ్చారు. తర్వాత మోటారు బళ్లలో ఎక్స్‌రే మిషన్లు అమర్చి యుద్ధభూమికి తీసుకెళ్లారు. అలాంటి బళ్లు 20, ఆసుపత్రుల్లో 200 ఎక్స్‌రే గదులు ఆమె చలవే. పదిహేడేళ్ల కూతురు ఐరీన్ పక్కనే ఉంది. సైనికుల ఒంట్లో తూటా ఎక్కడుందో వెతుకుతూ సరైన అడ్డు లేకుండా గంటలకొద్దీ ఆ కిరణాల దగ్గరే గడిపారు. మరోపక్క రేడియం నుంచి ఊరే రాడాన్ వాయువును సన్నటి గాజు గొట్టాల్లో నింపి ఆసుపత్రులకు పంపేవారు. రాడాన్ నాలుగు రోజుల్లోపే సగమైపోతుంది. సోమవారం నింపిన గొట్టం శుక్రవారానికి సగం గొట్టమే. గొట్టంతో పాటు తేదీ, వేళ కూడా తెలిస్తే తప్ప డాక్టరు దాన్ని వాడలేడు.

1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి లక్ష డాలర్లతో ఒక గ్రాము రేడియం కొని బహూకరించారు. రేడియాన్ని కనిపెట్టినావిడ దగ్గర కొనుక్కునే డబ్బు లేదు మరి. రెండో గ్రాము 1929లో వార్సాలోని క్యాన్సర్ సంస్థ కోసం. దాని డైరెక్టరు ఎవరనుకున్నారు? అక్క బ్రోనియా.

అప్పటికి మేరీ వేళ్ల చివర్లు మొద్దుబారి పగిలిపోయాయి. కళ్లకు శుక్లాలు వచ్చి నాలుగు ఆపరేషన్లు జరిగాయి. 1925లో రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు రోజుల తేడాతో చనిపోయారు. ప్రయోగశాలలో అందరికీ రక్తపరీక్షలు తప్పనిసరి చేశారు. తాను మాత్రం ఆ జాగ్రత్తల్ని పెద్దగా పట్టించుకోలేదు. మా ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ఛాతీ మీద చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపితే ఎంత రేడియేషన్ తగిలిందో చెప్తారు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నాకిచ్చిన బిళ్ల డ్యూటీ గదిలో కోటుకే వేలాడుతుండేది, నేను మాత్రం ఎక్స్‌రే గదిలో రోగిని పట్టుకుని నిలబడేవాడిని. రిపోర్టు ఎప్పుడూ సున్నాయే. మేరీ పనిలో చాలాకాలం అలాంటి బిళ్లే లేదు.

1934 జనవరిలో ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ మామూలు అల్యూమినియం నుంచి రేడియోధార్మిక పదార్థాన్ని సృష్టించి ఆమెకు చూపించారు. ఇవాళ థైరాయిడ్ క్యాన్సర్‌కు తాగించే అయోడిన్ దగ్గర్నుంచి లుటీషియం దాకా ప్రయోగశాలల్లో తయారుచేసే దారి అక్కడే తెరుచుకుంది. మేరీ ఆ తర్వాత ఆరు నెలలే ఉన్నారు. జ్వరం, నీరసం. మొదట క్షయ అనుకుని ఆల్ప్స్ కొండల్లోని శానటోరియానికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఎముక మజ్జ రక్తం తయారుచేయడం మానేసింది. అప్లాస్టిక్ అనీమియా. 1934 జులై 4న, 66 ఏళ్ల వయసులో పోయారు.

ఎంత డోసు తిన్నారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. 1995లో జాతీయ గౌరవంతో పాంథియాన్‌కు తరలించడానికి సమాధి తెరిచినప్పుడు అధికారులు శవపేటిక దగ్గర కొలతలు తీశారు. అనుకున్నంత రేడియం లేదు. ప్రాణం తీసింది రేడియం కన్నా యుద్ధకాలపు ఎక్స్‌రేలే కావచ్చని వాళ్లు అభిప్రాయపడ్డారు. ఆమె నోటు పుస్తకాలు మాత్రం పారిస్‌లో సీసపు పెట్టెల్లో ఉన్నాయి. చూడాలంటే సంతకం పెట్టి తెరవాలి. రేడియం సగం అవడానికి 1600 ఏళ్లు పడుతుంది.

మాస్టారు చెప్పిన వారమే వచ్చారు. సూత్రం లేదని, స్కాన్ తీసి కొలిస్తే గానీ గ్రేలు తెలియవని, తూము సంగతీ చెప్పాను. ఆయనకు మూడెకరాలు కాలువ కిందే ఉందట, వెంటనే పట్టుకున్నారు. రెండో ఇంజెక్షన్ వచ్చే నెల తొమ్మిదిన. స్కాన్లకు ఎన్నిసార్లు రావాలో, ఆ నాలుగు రోజులూ ఎక్కడ ఉండాలో ఫోన్ చేసి కనుక్కోమని కొడుక్కి చెప్పి, బీపీ చీటీ జేబులో పెట్టుకుని వెళ్లారు.